ఫోన్‌కి ముసలితనం వచ్చిందా, తెప్పించారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎండాకాలానివే. ఫోన్ కాలిపోతోందని, బ్యాటరీ ఉబ్బిందని, ఏసీ కొనాలా వద్దా అని కర్నూలు, అనంతపురం, కడప మూడు వైపుల నుంచీ రాశారు. అన్నిటికీ జాగా లేదు, పదిమందికి పనికొచ్చేవి ఏరి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, నా ఫోన్ కొని రెండున్నరేళ్లయింది. పోయిన నెల అప్‌డేట్ చేసినప్పటి నుంచి నత్తలాగా నడుస్తోంది, సాయంత్రానికే చార్జింగ్ అయిపోతోంది. షాపులో అడిగితే 'దీని పని అయిపోయింది, కొత్తది తీసుకోండి' అన్నారు. కంపెనీలే కావాలని పాత ఫోన్లను నెమ్మది చేస్తాయంట, నిజమేనా? (ఓ పాఠకుడు, కర్నూలు)

జవాబు: మీ అనుమానం ఊరికే పుట్టింది కాదు. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని అప్‌డేట్ ద్వారా తగ్గించామని 2017 డిసెంబర్‌లో యాపిల్ కంపెనీయే ఒప్పుకుంది. అరిగిపోయిన బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు, అప్పుడు ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది, అలా ఆగకుండా ఉండటానికే తగ్గించామన్నారు. ఆ కారణం నిజమే. కానీ ఆ ముక్క ఫోన్ కొన్నవాళ్లకు సరిగ్గా చెప్పలేదు కదా, నాకు మండేది అక్కడే. బ్యాటరీ మారిస్తే బాగుపడే ఫోన్‌ని పనికిరాదనుకుని మూలన పడేసి, అప్పు చేసి కొత్తది కొన్నవాళ్లు ఎంతమందో. గొడవయ్యాక బ్యాటరీ మార్చే ధరని అమెరికాలో 79 డాలర్ల నుంచి 29కి దించారు, 2020లో అక్కడి కేసు రాజీ కోసం 50 కోట్ల డాలర్ల దాకా ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

అలాగని మీ ఫోన్‌ని కూడా కంపెనీయే చంపుతోందని చెప్పలేను. పెద్ద అప్‌డేట్ అయిన తర్వాత రెండు మూడు రోజులు ఫోన్ లోపల ఏవేవో సర్దుకుంటూ ఉంటుంది, అప్పుడు వేడెక్కడం, చార్జింగ్ దిగిపోవడం మామూలే. మీకు నెల దాటింది కాబట్టి అది కాదు. ముందు స్టోరేజీ ఎంత ఖాళీ ఉందో చూడండి. నిండిపోయి ఉంటే వాట్సాప్‌లో వచ్చిపడిన గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేస్తేనే సగం ప్రాణం లేచొస్తుంది. అదీ కాకపోతే బ్యాటరీ అరిగిందని అర్థం, దానికి మన ఎండ కూడా కారణం. ఐఫోన్ వాడటానికి 0 నుంచి 35 డిగ్రీల వేడి తగినదని యాపిల్ రాసి పెట్టింది. మే నెలలో కర్నూల్లో నీడలోనే 40 దాటుతుంది. కొండారెడ్డి బురుజు దగ్గర మిట్టమధ్యాహ్నం బండి హ్యాండిల్‌కి ఫోన్ తగిలించుకుని, మ్యాప్ చూసుకుంటూ డెలివరీలకు తిరిగే పిల్లల ఫోన్ ఓసారి చేత్తో పట్టుకోండి, పెనం మీది జొన్నరొట్టెలా ఉంటుంది. 35 డిగ్రీల లెక్కతో తయారైన వస్తువుని మనకు అమ్మేటప్పుడు ఆ సంగతి డబ్బా మీద పెద్దక్షరాలతో ఎందుకు వేయరు? వెనకాల కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అన్నది మాత్రం వేస్తారు.

లిథియం బ్యాటరీకి వేడి చెడ్డది, నిండా చార్జ్ చేసి వేడిలో ఉంచడం ఇంకా చెడ్డది. సెట్టింగ్స్‌లో చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సదుపాయం చాలా ఫోన్లలో ఉంది, వేసవిలో అది పెట్టుకోండి. చార్జ్ పెట్టేటప్పుడు కవర్ తీసేయండి. పరుపు మీద, దిండు కింద పెట్టొద్దు. పోయిన వేసవిలో ఒకావిడ తన ఫోన్ చూపించింది, వెనక మూత ఒక పక్క లేచి, గోరు దూరేంత సందు వచ్చింది. అలా ఉబ్బినా రోజూ రాత్రి మంచం పక్కనే చార్జ్ పెడుతోందంట, ఎందుకంటే ఫోన్ 'బాగానే పనిచేస్తోంది' కదా అంది. నాకు గుండె ఆగినంత పనైంది. ఉబ్బిన బ్యాటరీ వాడకూడదు, గుచ్చకూడదు, నొక్కి మూత పెట్టకూడదు. 2016లో శాంసంగ్ నోట్ 7 అమ్మకాలు మొదలైన రెండు నెలల్లోనే పూర్తిగా ఆపేశారు, బ్యాటరీలు అంటుకున్నందుకే. అంత పెద్ద కంపెనీకే తప్పనిది మనకు తప్పుతుందా. మీ ఫోన్‌కి మాత్రం కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుందో కనుక్కోండి. కొత్త ఫోన్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

ప్రశ్న: అన్నా, మాది ధర్మవరం. మగ్గం మీద నేసిన చీరలు వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి అమ్ముకుంటున్నాం. వంకాయ రంగు చీర ఫోటోలో రాణీ రంగు మాదిరి పడుతోంది, చీర అందాక 'మేం అడిగింది ఇది కాదు' అని వెనక్కి పంపుతున్నారు. 200 మెగాపిక్సెల్ ఏఐ కెమెరా ఫోన్ తీసుకుంటే సరిపోతుందని మా మరిది అంటున్నాడు. తీసుకోమంటారా? (ఓ నేత కుటుంబం పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా, తీసుకుంటే బాధ ఇంకా పెరగొచ్చు. ఫోన్ కెమెరా ఉన్నది ఉన్నట్టు తీయదు. ముఖం తెల్లగా, ఆకాశం నీలంగా, పువ్వు ఇంకా ఎర్రగా కనిపిస్తే జనానికి నచ్చుతుందని కంపెనీలు రంగులు పెంచుతాయి. ఏఐ కెమెరా అని చెప్పేదాంట్లో చాలా భాగం ఆ పెంచడమే. పెళ్లి ఫోటోకి అది ముద్దొస్తుంది, చీర అమ్ముకునేవాళ్లకు మాత్రం నష్టం. మెగాపిక్సెల్ అంటే బొమ్మ ఎంత పెద్దదో చెప్పే లెక్క, రంగు ఎంత నిజమో చెప్పదు. పైగా 200 మెగాపిక్సెల్ ఫోన్లు మామూలుగా 16 చుక్కలను ఒకటిగా కలిపేసి 12 మెగాపిక్సెల్‌కి కాస్త పైన ఉండే ఫోటోనే ఇస్తాయి.

ఉన్న ఫోన్‌తోనే ఇలా చేసి చూడండి. కెమెరాలో ఏఐ, ఫిల్టర్, బ్యూటీ అన్నవన్నీ ఆపేయండి. పొద్దున తొమ్మిది, పది మధ్య వాకిట్లో నీడపట్టున చీర పరచండి. ట్యూబ్‌లైటు వెలుగు, పగటి వెలుగు రెండూ కలిసే గదిలో మాత్రం తీయొద్దు, రంగు మారేది ఎక్కువగా అక్కడే. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి, ఫోటోలో కాగితం పసుపుగానో నీలంగానో పడితే చీర రంగు కూడా తప్పిందని అర్థం. జరీ మెరుపు కెమెరాని మోసం చేస్తుంది, ఫోన్ తెర మీద అంచు కాకుండా చీర ఒళ్లు కనిపించే చోట వేలితో తాకి, అప్పుడు ఫోటో తీయండి. ఆ తర్వాత చీరని, ఫోటోని పక్కపక్కన పెట్టి మీ కంటితో పోల్చుకోండి. తరాలుగా రంగులు చూసిన కన్ను మీది, దాన్ని నమ్మండి. కొనేవాళ్ల ఫోన్ తెర కూడా రంగులు పెంచి చూపిస్తుంది కాబట్టి ఫోటో కింద 'ముదురు వంకాయ రంగు, ఎరుపు కలవదు' అని మాటల్లో రాయండి. చీర చేత్తో తిప్పుతూ చిన్న వీడియో కూడా పంపండి. ఆ కొత్త ఫోన్ డబ్బులు పట్టుకి పెట్టుకోండి తల్లీ.

ప్రశ్న: కడప ఎండలకు ఏసీ తప్పడం లేదు. 'ఏఐ' అని రాసి ఉన్నదానికి మామూలు దానికన్నా 7 వేలు ఎక్కువ చెబుతున్నారు, నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉందంట. ఏది మేలు?

జవాబు: అమ్మే అబ్బాయిని ఒక్కటే అడగండి, 'ఏఐ ఆపేస్తే ఈ ఏసీ ఏ పని చేయడం మానేస్తుంది?' అని. గది చల్లబడగానే కంప్రెసర్ తనంతట తాను నెమ్మదించడం ఇన్వర్టర్ ఏసీలన్నీ చేస్తాయి, దానికి కొత్త పేరు పెడితే మనం 7 వేలు ఎందుకివ్వాలి? మీరు చూడాల్సింది స్టార్ లేబుల్. దాని మీద ఐసీర్ (ISEER) అని ఒక అంకె ఉంటుంది, వాడిన కరెంటుకి ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే లెక్క. అది ఎంత ఎక్కువుంటే కరెంటు అంత ఆదా. లేబుల్ ఏ సంవత్సరానిదో కూడా చూడండి, ఎందుకంటే 2022 జులైలో నిబంధనలు బిగించినప్పుడు అంతకుముందు 5 స్టార్ ఉన్నవి 4 స్టార్‌కి దిగాయి. ఏడాదికి ఇన్ని యూనిట్లని లేబుల్ మీద వేసే లెక్క 1600 గంటలకు. రాత్రీ పగలూ తిప్పితే కడపలో ఆ గంటలు ముందే దాటిపోతాయి, బిల్లు అంచనా ఆ మేరకు పెంచుకోండి.

ఈఎంఐ విషయానికొస్తే, సున్నా వడ్డీ అనేది ఉండదని రిజర్వ్ బ్యాంకే 2013లో చెప్పింది. రొక్కంగా కడితే ఇచ్చే తగ్గింపుని మీకివ్వకుండా వడ్డీ కింద సర్దుతారు, చాలా చోట్ల జరిగేది ఇదే. క్రెడిట్ కార్డు అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు. 'రొక్కానికి ఎంత, వాయిదాలన్నీ కలిపితే ఎంత' అని రెండు అంకెలూ కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: మీ జవాబుల్లో ఎప్పుడూ కంపెనీలను తప్పుపట్టడమే ఉంటుంది. మా అబ్బాయి ఆ రంగంలోనే ఉద్యోగం చేస్తున్నాడు, చదివితే బాధేస్తుంది. టెక్నాలజీ వల్ల మేలే లేదంటారా? (ఓ తండ్రి, అనంతపురం)

జవాబు: మీ అబ్బాయి కష్టాన్ని నేను తక్కువ చేయను సార్. నా కోపం ఇంజనీర్ల మీద కాదు, రేపు ఇస్తామన్నదానికి ఇవాళే డబ్బు తీసుకునే పద్ధతి మీద.

మా అమ్మ పగలు ఇంట్లో ఒక్కతే ఉంటుందని మూడేళ్ల కింద గేటుకి ఒక కెమెరా పెట్టించాను. ఎక్కడున్నా ఫోన్‌లో వాకిలి కనిపించేది, చాలా సంతోషంగా ఉండేది. రెండో ఏడు ఒక రోజు యాప్ తెరుచుకోలేదు. సర్వీసు ఆపేస్తున్నామని ఎప్పుడో ఒక మెయిల్ పంపారంట. కెమెరా బాగుంది, దాని ఎర్ర లైటు ఇప్పటికీ వెలుగుతుంది, కానీ బొమ్మ రాదు. ఆ మధ్యాహ్నం అమ్మ ఫోన్ ఎత్తకపోతే క్లాక్ టవర్ దగ్గర నుంచి బండి మీద ఎట్లా ఇంటికి చేరానో నాకే తెలియదు. ఆమె నిద్రపోతోంది, అంతే. వస్తువు మన గోడకి ఉంటే సరిపోదు, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందో చూడాలని ఆ రోజు అర్థమైంది. ఇప్పుడు మెమరీ కార్డులో రికార్డు అయ్యే కెమెరా ఉంది, నెట్ లేకపోయినా, కంపెనీ లేకపోయినా పనిచేస్తుంది.

ఇది నా ఒక్కడి కథ కాదు. హ్యూమేన్ అని అమెరికాలో ఒక కంపెనీ, చొక్కాకి తగిలించుకునే ఏఐ పిన్ ఇక ఫోన్లను మించిపోతుందన్నట్టు వార్తల్లో ఊరేగింది. 2024లో 699 డాలర్లకు అమ్మారు, నెల చందా వేరే. 2025 ఫిబ్రవరి 28న సర్వర్లు ఆపేశారు, కొన్నవాళ్ల చేతిలో పనికిరాని బిళ్ల మిగిలింది. ఇంత జరిగినా కొత్త వస్తువు వచ్చిన ప్రతిసారీ వార్తల్లో 'విప్లవం' అనే మాట మాత్రం ఆగలేదు.

మేలు లేదని నేనెప్పుడూ అనను. 2016లో వచ్చిన యూపీఐ చూడండి. తోపుడు బండి మీద ఉడకబెట్టిన సెనక్కాయలు అమ్మే ఆమెకు కూడా చిల్లర బాధ తీరింది. ఏ కంపెనీ యాప్ నుంచైనా ఏ బ్యాంకుకైనా డబ్బు వెళ్తుంది, రేపు ఒక యాప్ మూతపడితే ఇంకోటి వేసుకుంటాం. అలాంటివి ఇంకా రావాలి, మీ అబ్బాయిలాంటివాళ్ల చేతుల మీదుగానే రావాలని నా కోరిక.

ప్రశ్న: 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కొన్నాను. నా ఫోన్ బ్యాటరీ 5,000. రెండుసార్లు నిండాలి కదా, ఒకసారి నిండి కాస్త మిగులుతోంది అంతే. నన్ను మోసం చేశారా? (గుంతకల్లు)

జవాబు: షాపువాళ్లు మోసం చేయలేదు, డబ్బా మీద రాసే పద్ధతిలోనే ఉంది చిక్కు. ఆ 10,000 అనేది లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. బయటికి వచ్చేది 5 వోల్టులు, ఆ లెక్కన 7,400 అవుతుంది, మార్చేటప్పుడు వేడి రూపంలో పోయేది ఇంకొంత. వెనక చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని ఇంకో అంకె ఉంటుంది, అదే మీకు దక్కేది. కొనేటప్పుడు దాన్నే పోల్చుకోండి. ఒక్కసారి కూడా నిండకపోతే అప్పుడు బిల్లు పట్టుకుని అడగండి, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ప్రొద్దుటూరులో బంగారం కొట్లో లెక్కలు రాస్తాను. విండోస్ 10 ఆగిపోయింది, కంప్యూటర్ మార్చాల్సిందే అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆగిపోయింది కంప్యూటర్ కాదు, దానికి వచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు. 2025 అక్టోబర్ 14తో అవి ముగిశాయి. అప్‌డేట్ సెట్టింగ్స్‌లో పేరు నమోదు చేసుకుంటే సొంత వాడకం కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా అవి వస్తాయి. కొట్టు కంప్యూటర్ కాబట్టి ఏ పద్ధతి వర్తిస్తుందో మీ ఓనర్‌తో కలిసి చూసుకోండి. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ల జాబితాలో మీది ఉండాలి. అవి లేకపోతే పాత లెక్కల పుస్తకం నెట్ తీసేసిన ఆ కంప్యూటర్‌లోనే ఉంచి, బ్యాంకు పనులు, జీఎస్టీ మాత్రం వేరే దాంట్లో చేసుకోవచ్చు. ముందు ఇవాళే లెక్కలన్నీ ఒక బయటి డిస్కులోకి కాపీ తీసి బీరువాలో పెట్టండి. మీ కంప్యూటర్ ఏ ఏడు కొన్నదో రాయలేదు, బిల్లు మీద ప్రాసెసర్ పేరు ఉంటుంది, అది చూసి మళ్లీ రాయండి.