నాయిబ్ సుబేదారులో దాక్కున్న నవాబు

సందేహం: పేపర్లో ఒకే వార్తలో సైన్యంలోని ఒక హోదాని ఒకచోట "నాయబ్ సుబేదార్" అనీ ఇంకోచోట "నయాబ్ సుబేదార్" అనీ రాశారు. ఏది కరెక్టు? తెలుగులో "ఉప సుబేదారు" అనొచ్చా?

సమాధానం: నాయిబ్ అన్నా నాయబ్ అన్నా నాకు పేచీ లేదు గానీ "నయాబ్" మాత్రం తప్పండి. ఉర్దూలో "నాయాబ్" అని వేరే మాట ఉంది, దొరకనిది, అపురూపమైనది అని దానర్థం. దీర్ఘం ఎక్కడుందో చూసుకోకుండా రాసేస్తే ఎలా? 1987లో సియాచిన్‌లో అంత ఎత్తున శత్రువు పోస్టు పట్టుకుని పరమవీరచక్ర అందుకున్న బాణా సింగ్ అప్పటికి నాయిబ్ సుబేదారే, అలాంటివాళ్ళ హోదానైనా సరిగ్గా రాయాలి కదా.

నాయిబ్ అరబ్బీ మాట, ఒకరి బదులు పని చూసేవాడు అని అర్థం. దీని బహువచనమే గౌరవార్థంలో మనకి "నవాబు" అయింది! మొగలుల కాలంలో సుబా అంటే ఒక రాష్ట్రమంత, దాన్ని ఏలేవాడు సుబేదారు. 1724 తర్వాత దక్కనుని ఏలిన నిజాం ఉల్ ముల్క్ కూడా పేరుకి పాదుషా గారి సుబేదారే, ఆర్కాటు నవాబేమో ఆ దక్కను సుబేదారు కింద ప్రతినిధి, అంటే మాట ప్రకారం చూస్తే ఆయన అచ్చంగా నాయిబ్ సుబేదారన్నమాట. సుబేదారు అనే అంత పెద్ద మాట తర్వాత సైన్యంలో కంపెనీ అనే చిన్న సిపాయిల దళంలోకి దిగొచ్చింది. ఇప్పుడు సైన్యంలో నాయిబ్ సుబేదారంటే హవల్దారుకి పైన, సుబేదారుకి కింద ఉండే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ హోదా, 1965 దాకా దీన్నే జమాదారు అనేవాళ్ళు. అశ్వదళం సంప్రదాయం ఉన్న రెజిమెంట్లలో నాయిబ్ రిసాల్దార్ అంటారు.

ఇక "దారు" పారశీకం, కలిగినవాడు, పట్టినవాడు అని. మన సూత్రధారిలో "ధారి"కి ఇది దగ్గరి చుట్టమే, రెండిటి మూలం ఒకటే. అందుకే కాబోలు వాటాదారు, కౌలుదారు, చివరికి సంస్కృతం పక్కన కూడా చేరి లబ్ధిదారు, వినియోగదారు అని మనలో కలిసిపోయింది. ఇంత కలిసిపోయిన మాటకి చివర ఉకారం తీసేసి పొల్లు పెట్టి "సుబేదార్" అనడం ఈమధ్య ఫ్యాషనైంది, నాకైతే చెవికి ఇంపుగా లేదు.

"ఉప సుబేదారు" అర్థానికి సరిపోతుంది, వివరణలో వాడితే వాడండి. పేరు ముందు బిరుదుగా రాసేటప్పుడు మాత్రం నాయిబ్ సుబేదారు అనే ఉంచడం మేలనిపిస్తుంది. అక్కడ పొల్లుతో రాసినా మరీ తప్పనను.