కుక్కపిల్లకు క్లాసు వెతికే ముందు

పెంపుడు జంతువులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా లాబ్రడార్ పిల్లకు తొమ్మిది వారాలు. ఒక టీకా పడింది. ఆర్నెల్లు నిండేదాకా ట్రైనింగ్ వద్దని ఒకరంటారు. నెల రోజులు మా దగ్గర వదిలేయండి, అన్నీ నేర్పి అప్పజెబుతాం అని ఇంకొకరంటారు. నెల్లూరులో మంచి క్లాసు ఏదో ఎట్లా తెలుసుకునేది?
– ఒక పాఠకురాలు, వేదాయపాళెం

జవాబు: ఆర్నెల్ల లెక్క పాతకాలపుది. మెడకు గొలుసు బిగించి గుంజి నేర్పేవాళ్లు ఆ గుంజుడుకు పిల్ల తట్టుకోవాలని అంతకాలం ఆగమనేవాళ్లు. తిండి ముక్క చూపించి నేర్పేటప్పుడు ఆగే పనే లేదు. మూడో వారం నుంచి ఇంచుమించు పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల ఏం చూసినా, ఏం విన్నా ఇట్టే అలవాటు పడిపోతుంది. ఆ వయసు దాటాక కొత్తది ఎదురైతే ముందు బెదురుతుంది, తర్వాత మొరుగుతుంది. అంటే మీ చేతిలో ఉన్నది ఐదు వారాలు.

టీకాలన్నీ పూర్తి కాకుండా బయటికి ఎట్లా అని అడుగుతారు. జంతువుల ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం ఏవీఎస్ఏబీ ప్రకారం, ఏడెనిమిది వారాల పిల్లను మొదటి టీకా వేసిన 7 రోజుల తర్వాత, నులిపురుగుల మందు కూడా పట్టించి ఉంటే, క్లాసుకు తీసుకుపోవచ్చు. మిగతా డోసులు మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా పడుతూనే ఉండాలి. అయితే ఈ మాట శుభ్రంగా ఉండే, అన్ని పిల్లలకూ టీకాలు పడ్డ క్లాసుకే వర్తిస్తుంది. మన దగ్గర పార్వో, అంటే కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు, ఎక్కువ కాబట్టి ఈ షరతును తేలిగ్గా తీసుకోవద్దు.

అందుకే ముందు నేల చూడండి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికుంటుంది. వీధికుక్కలు తిరిగే ఖాళీ స్థలంలో, పార్కు గడ్డిలో నడిపే క్లాసు మీ పిల్లకు ఇప్పుడే వద్దు. గచ్చు నేల, టైల్స్ హాలు, బయటి కుక్కలు ఎక్కని డాబా అయితే మేలు. దేంతో కడుగుతారో కూడా అడగండి. ఫినాయిల్ వాసన గుప్పుమంటే శుభ్రమనుకుంటాం గానీ పార్వో దానికి లొంగదు. ముందు మురికి తుడిచి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు ఉంచి కడగాలి. ఈ సంగతి తెలిసిన ట్రైనరైతే మీరు ఫోన్ చేసినప్పుడే టీకా కార్డు ఫొటో పంపమంటాడు. కార్డే అడగని చోటికి వెళ్లకండి, అక్కడికి వచ్చే మిగతా పిల్లల కార్డులూ ఎవరూ చూసి ఉండరు.

తర్వాత, పిల్లను ఇంట్లో వదిలి మీరొక్కరే వెళ్లి ఒక క్లాసు చూసి రండి. చూడనివ్వమంటే అక్కడితో సరి. ట్రైనర్ మీద కన్నా పిల్లల మీద కన్నేయండి. నోరు వదులుగా, ఒళ్లు తేలిగ్గా ఉండి ముక్క కోసం ఎదురుచూస్తున్నాయా? లేక తోక కాళ్ల మధ్య పెట్టి, చెవులు వెనక్కి వాల్చి, తిండి లేకపోయినా మూతి నాక్కుంటూ, నిద్ర రాకపోయినా ఆవులిస్తున్నాయా? ఈ రెండో రకం కనిపిస్తే అవి భయపడుతున్నాయని అర్థం. కుర్చీ కింద దూరిన పిల్లను 'భయం పోగొడతా' అంటూ మధ్యలోకి లాక్కొచ్చేవాడి దగ్గర ఆ భయం ముదిరిపోతుంది. దాని పాటికి దాన్ని ఉండనిచ్చి, దూరం నుంచి ముక్కలు విసిరి రప్పించేవాడు పని తెలిసినవాడు.

ఆటలోనూ పరీక్ష ఉంది. పెద్దది చిన్నదాన్ని కింద పడేసి ఆడుతుంటే, ట్రైనర్ పెద్దదాన్ని రెండు క్షణాలు పట్టుకుని ఆపాలి. చిన్నది మళ్లీ దానిమీదికే ఉరికితే అది ఆట. సందు దొరికిందని పక్కకు పారిపోతే ఆట కాదు, జతను మార్చాలి. ఇట్లా ఆపి చూసేవాళ్లు తక్కువ. ఒక ట్రైనర్‌కు నాలుగు నుంచి ఆరు పిల్లలు చాలు, పన్నెండుంటే కాపలా కాయడమే తప్ప నేర్పడం ఉండదు.

అడగాల్సిన ప్రశ్నలు రెండే. పిల్ల చెప్పింది చేస్తే ఏమిస్తారు, చెయ్యకపోతే ఏం చేస్తారు? 'ముక్క ఇస్తాం, రాకపోతే పని సులువు చేసి మళ్లీ అడుగుతాం' అంటే సరే. 'మనమే లీడరని తెలియాలి కదండీ' అని మొదలుపెడితే చెప్పులు వేసుకుని వచ్చేయండి. మన దేశంలో ట్రైనర్ బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి గోడమీది సర్టిఫికెట్ల కన్నా ఈ జవాబే మీకు పనికొస్తుంది.

ఇక హాస్టల్ ట్రైనింగ్. తొమ్మిది వారాల పిల్లకు అది వద్దేవద్దు. ఆ ఐదు వారాల్లో నాలుగు బోనులో గడిచిపోతాయి. కుక్క నేర్చుకున్న పనిని ఆ మనిషితో, ఆ చోటుతో ముడిపెట్టుకుంటుంది. అక్కడ 'సిట్' అంటే కూర్చునేది మీ వంటింట్లో మీ ముఖం చూసి నిలబడుతుంది. అసలు క్లాసులో నేర్చుకోవాల్సింది సగానికి పైగా మీరే.

వేసవిలో అయితే పొద్దున ఏడు లోపు ముగిసే బ్యాచ్ చూసుకోండి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఐదు సెకన్లు ఆనించలేకపోతే పిల్ల పాదాలూ కాలతాయి. క్లాసు దొరికేలోపు పిల్లను చంకన వేసుకుని ట్రంక్ రోడ్డు పక్కన కాసేపు నిలబడండి. ఆటోలు, హెల్మెట్లు, గొడుగులు, కూరగాయల బండి మైకు అన్నీ చూడనివ్వండి, వినబడనివ్వండి, ఒక్కోదానికీ ఒక్కో ముక్క పెట్టండి. కింద మాత్రం దించకండి.

ప్రశ్న: వీధికుక్క పిల్లను తెచ్చుకున్నాం. జాతి కుక్కల్నే చేర్చుకుంటామని ఒక క్లాసులో అన్నారు. నాటు పిల్లకు నేర్పితే వస్తుందా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: వస్తుంది, తొందరగానే వస్తుంది. ఆ క్లాసు వదిలేయండి. ఒక్క జాగ్రత్త. వీధి పిల్లలు తరచూ ఎనిమిది వారాల లోపే తల్లికీ తోబుట్టువులకూ దూరమవుతాయి. ఎంత గట్టిగా కొరికితే నొప్పో వాటి దగ్గరే నేర్చుకోవాలి కనుక, మీ పిల్లకు తోటి పిల్లలతో ఆట మరీ అవసరం. పన్నెండు వారాలు నిండేదాకా రెండు వారాలకోసారి నులిపురుగుల మందు డాక్టరు చెప్పిన మోతాదులో పట్టించండి.

ప్రశ్న: పొదిలిలో ఇట్లాంటి క్లాసేదీ లేదు. ఒంగోలు దాకా తిప్పే తీరికా లేదు. ఇంట్లోనే మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: మొదలుపెట్టండి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన, ఎముకల్లేని కోడిమాంసాన్ని శనగగింజంత ముక్కలు చేసుకోండి. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు. ఆకలిగా ఉన్నప్పుడే, తిన్న వెంటనే కాదు. ముక్కను దాని ముక్కుకు ఆనించి మెల్లగా తల మీదుగా వెనక్కి తీసుకుపోండి. తల పైకెత్తితే పిర్రలు వాటంతటవే కిందికి దిగుతాయి. పిర్రలు నేలకు తగిలిన మరుక్షణం 'భలే' అని, సెకను లోపు ముక్క నోటికి అందించండి. ఆలస్యమైతే ఈలోగా అది లేచి నిలబడుతుంది, లేచినందుకే ముక్క దొరికిందనుకుంటుంది. చెయ్యి మరీ ఎత్తులో పెడితే ఎగిరి దూకుతుంది, ముక్కుకు దగ్గరగానే ఉంచండి. 'కూర్చో' అనే మాట మొదట్లో అనకండి. చేతి సైగకు పదిసార్లలో ఎనిమిదిసార్లు కూర్చుంటున్నప్పుడు సైగకు ముందు ఆ మాట చేర్చండి.

ఇంట్లోవాళ్లంతా ఒకే మాట వాడాలి. నాయనమ్మ 'రా' అని, పిల్లలు 'కమ్' అని, మీరు ఈల వేసి పిలిస్తే అది ఎవరి దగ్గరికీ రాదు. పిలిచి తిట్టడం, పిలిచి స్నానం చేయించడం మానండి. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి దానికి విషం, బహుమతిగా ఎప్పుడూ పెట్టొద్దు.

ప్రశ్న: నాలుగున్నర నెలల పిల్ల చేతులు, ప్యాంటు అంచులు పట్టి కొరుకుతోంది. ట్రైనర్ చోక్ చెయిన్ (గుంజితే మెడకు బిగుసుకునే గొలుసు) వేయమన్నాడు. వేయాలా?
– ఒక గృహిణి, ఒంగోలు

జవాబు: వద్దు. చోక్ చెయిన్ గుంజితే గొంతు గొట్టం దెబ్బతింటుంది, కొరుకుడు మాత్రం పోదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య 28 పాలపళ్లు ఊడి 42 శాశ్వత పళ్లు వస్తాయి, చిగుళ్లు సలుపుతాయి. తడిపి మెలితిప్పి ఫ్రీజర్లో పెట్టిన పాత తువ్వాలు నమలనివ్వండి, దగ్గరుండి చూసుకోండి. చేతిని పట్టుకుంటే వెనక్కి లాగకండి, లాగితే దానికది ఆట. కదలకుండా ఆగి, వదలగానే లేచి ముప్పై సెకన్లు పక్క గదిలోకి వెళ్లిపోండి. ఇంట్లో అందరూ ప్రతిసారీ ఇదే చేయాలి. ఒకరు నవ్వి ఊరుకున్నా మొదటికొస్తుంది. సాయంత్రంపూట మరీ రెచ్చిపోతుంటే చాలాసార్లు దానికి నిద్ర చాలలేదని అర్థం. ఈ వయసులో రోజుకు 16 నుంచి 18 గంటలు పడుకోవాలి.

పన్ను గీరుకుని రక్తం వస్తే, ఇంటి పిల్లే కదా అని ఊరుకోవద్దు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు కాబట్టి మీ పిల్ల కార్డులో అది పడిందో లేదో ఇవాళే చూడండి.