ఆటో హైబీమ్‌కి బైకు కనబడదా?

ప్రశ్న: మూడు నెలల కిందట కొత్త కారు కొన్నాను. ఆటో హైబీమ్ ఉంది, అంటే ఎదుట బండి కనిపిస్తే హెడ్‌లైటు హైబీమ్‌ని కారే డిమ్ చేసే ఫీచర్. విజయవాడ హైవే మీద బాగానే పనిచేస్తోంది. కోదాడ దగ్గర దిగి మా ఊరి రోడ్డెక్కితే మాత్రం ఎదురొచ్చే బైకుల వాళ్లు ఆగి మరీ తిడుతున్నారు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే లోపమేమీ లేదన్నారు. నిజమేనా?

జవాబు: నిజమే. ఆ ఫీచర్‌కి చేతనైనది అంతే. ముందు అద్దం మీద, రియర్ వ్యూ మిర్రర్ వెనక ఉండే చిన్న కెమెరా రాత్రిపూట ప్రధానంగా లైట్లనే వెతుకుతుంది. చీకట్లో తెల్ల లైట్ల జత దగ్గరవుతుంటే ఎదురుగా బండి వస్తోందని, ఎర్ర లైట్లు కనిపిస్తే ముందు బండి పోతోందని లెక్కేసి డిమ్ చేస్తుంది. కారుకీ లారీకీ ఈ లెక్క సరిపోతుంది. బైకుకి ఉండేది ఒక్క లైటే. దూరం నుంచి అది వీధి దీపమో, పొలం దగ్గర మోటారు షెడ్డు బల్బో తేల్చుకోలేక కెమెరా ఆలస్యం చేస్తుంది. ఆ రెండు మూడు క్షణాల్లో బైకు నడిపే మనిషి కళ్లు బైర్లు కమ్ముతాయి.

2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త టూవీలర్లకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది కాబట్టి ఎదురొచ్చేవి కొంత నయం. ముందు పోతున్న మోపెడ్‌కి వెనక లైటు పగిలిపోయినా, ట్రాక్టర్ ట్రాలీకి అసలు లైటే లేకపోయినా కెమెరాకి అక్కడ ఉన్నది ఖాళీ రోడ్డే. సైకిళ్లు, ఎడ్లబండ్లు, నడిచేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున పాలక్యాను పట్టుకుని రోడ్డు పక్కన నడిచే మనిషికి మీ లైటు కళ్లలో పడితే పక్కనున్న గుంట కనబడదు. నాకు ఈ ఫీచర్ మీద ఉన్న భయమంతా ఇదే.

హైవే మీదా ఒక చిక్కుంది. డివైడర్ మీది గన్నేరు చెట్లు అవతలి లారీ హెడ్‌లైట్లను కెమెరాకి కనబడకుండా కప్పేస్తాయి. డ్రైవరేమో ఆ చెట్లకు పైన, ఎత్తు సీటులో ఉంటాడు. కెమెరా రోడ్డు ఖాళీ అనుకుంటుంది, మీ హైబీమ్ నేరుగా ఆయన మొహం మీద పడుతుంది. మలుపుల్లో, ఎత్తెక్కి దిగేచోట, వానలో, అద్దం మీద పురుగులు అంటుకున్నప్పుడు కూడా కెమెరా తడబడుతుంది.

కాబట్టి హైవే దిగగానే ఆటో హైబీమ్‌ని ఆపేయండి. స్టీరింగ్ పక్క లైట్ల కాడతో ఆపాలా, స్క్రీన్ మెనూలోనా అన్నది మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. ఊరి రోడ్డు మీద డిప్పర్, అంటే హైబీమ్‌ని లోబీమ్‌కి మార్చే మీట, మీ చేతిలోనే ఉండాలి. కెమెరా ముందున్న అద్దం ముక్కని వారానికోసారైనా తుడవండి.

ఖరీదైన కార్లలో వచ్చే మ్యాట్రిక్స్ లైట్లు ఇంకొంచెం మెరుగు. హైబీమ్ వెలుగుతూనే ఎదుటి బండి ఉన్న మేరకు మాత్రం వెలుగు తగ్గిస్తాయి. ఆడీ 2013లో ఏ8 కారులో ఎల్‌ఈడీ మ్యాట్రిక్స్ తెచ్చింది. అమెరికాలో ఇలాంటి లైట్లకు 2022లో గానీ అనుమతి రాలేదు. అయితే అవి కూడా కెమెరాకి దొరికిన బండినే కాపాడతాయి.

ప్రశ్న: నాది 2012 నాటి హ్యాచ్‌బ్యాక్. హాలోజన్ లైట్ల వెలుగు చాలడం లేదు. గుంటూరులో యాక్సెసరీస్ షాపువాళ్లు అదే హోల్డర్‌లో ఎల్‌ఈడీ బల్బులు పెడతామంటున్నారు. పెట్టించుకోవచ్చా?

జవాబు: వద్దు. హెడ్‌లైటు లోపలి రిఫ్లెక్టర్ వంపంతా హాలోజన్ బల్బులో ఫిలమెంటు ఎక్కడుంటుందో లెక్కగట్టి చేసింది. ఎల్‌ఈడీ బల్బులో వెలుగు పుట్టేచోటు, ఆకారం వేరు. దాంతో లోబీమ్ (కిందికి, దగ్గరికి పడే లైటు) పైఅంచు చెదిరి వెలుగు పైకి పోతుంది. కారు ముందు పది అడుగులు తెల్లగా మెరుస్తుంది, అందుకే మీకు ఎక్కువ కనబడుతోందనిపిస్తుంది. దూరాన ఉన్న గేదె మాత్రం కనబడదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకూ జైలు కూడా పడొచ్చు.

అసలు మీ లైట్లు ఎందుకు మసకబారాయో ముందు చూడండి. అన్నేళ్ల కారుకి హెడ్‌లైటు ప్లాస్టిక్ పసుపెక్కి ఉంటుంది, పాలిష్ చేయిస్తే చాలా తేడా కనబడుతుంది. బల్బులు రెండూ ఒకేసారి మార్చండి, 60/55 వాట్ల మంచి కంపెనీవే. వైరింగ్‌లో వోల్టేజీ పడిపోతుంటే ఎలక్ట్రీషియన్ చేత రిలే (బ్యాటరీ కరెంటు నేరుగా లైట్లకు అందించే స్విచ్చు) పెట్టించండి. చివరగా గోడ పరీక్ష. చదునైన చోట గోడకి 10 మీటర్ల దూరంలో కారు నిలిపి లోబీమ్ వేయండి. వెలుగు పైఅంచు హెడ్‌లైటు ఎత్తుకన్నా సుమారు 10 సెంటీమీటర్లు కింద పడాలి.

ప్రశ్న: లోబీమ్‌లోనే ఉన్నా, ఇంటిల్లిపాదీ ఊరెళ్తుంటే ఎదుటివాళ్లు డిప్పర్ కొడుతున్నారు. ఎందుకు?

జవాబు: వెనక బరువు పడి కారు ముక్కు పైకి లేస్తోంది. డ్యాష్‌బోర్డు మీద 0, 1, 2, 3 అంకెలతో చిన్న చక్రం ఉందేమో చూడండి. ఒక్కరే ఉంటే 0. సీట్లు నిండి డిక్కీలో సామాను ఉంటే 2కో 3కో తిప్పండి, వెలుగు కిందికి దిగుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. ఎదుటి లైట్లకు చాలా ఇబ్బంది పడుతున్నారు. పసుపు రంగు నైట్ డ్రైవింగ్ కళ్లద్దాలు కొనిపెట్టనా? (అనంతపురం)

జవాబు: కొనకండి. 2019లో జామా ఆఫ్తల్మాలజీ అనే కంటి వైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో, ఎదుటి లైటు పడుతున్నప్పుడు రోడ్డు మీది మనిషిని గుర్తించడానికి ఆ అద్దాలు ఏమాత్రం సాయపడలేదు. ఉన్న కాస్త వెలుగునీ అవి తగ్గిస్తాయి. ఆ వయసులో లైట్ల చుట్టూ వలయాలు కనబడుతున్నాయంటే శుక్లాలు మొదలై ఉండొచ్చు, ముందు కంటి డాక్టర్‌కి చూపించండి. ఈలోగా ముందు అద్దాన్ని లోపలివైపు కూడా తుడవండి, అక్కడ పేరుకునే జిడ్డు పొరే ఎదుటి లైటుని అద్దమంతా పరుస్తుంది. వెనక బండి లైటు కొడితే లోపలి మిర్రర్ కింద ఉండే చిన్న మీటని తిప్పమనండి. ఎదుటి లైటు మరీ ఎక్కువైతే వేగం తగ్గించి, చూపుని రోడ్డు ఎడమ అంచున ఉండే తెల్లగీత మీద పెట్టమనండి.