సినానిమ్స్ జాబితా పక్కన పెట్టు

అమ్మలూ,

బ్యాంకు పరీక్షకి సినానిమ్స్ (దాదాపు ఒకే అర్థం వచ్చే మాటలు) జాబితాలు బట్టీ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నాలుగు ఇంగ్లిషు మాటలకి ఎదురుగా ఒకే తెలుగు అర్థం రాసుకుంటే చివరికి మిగిలేది గజిబిజే. 'రాబ్', 'స్టీల్' రెండింటికీ 'దొంగిలించు' అని రాసుకున్నావనుకో, 'దే స్టోల్ ద బ్యాంక్' అని రాసేస్తావు. దొంగలు బ్యాంకు బిల్డింగునే ఎత్తుకుపోయారన్నమాట! పోయిన సొమ్ముకి 'స్టీల్', సొమ్ము పోగొట్టుకున్న మనిషికో బ్యాంకుకో 'రాబ్'. కాబట్టి అర్థం కంటే ముందు, ఆ మాట పక్కన ఏ మాట వస్తోందో చూడు.

నువ్వెళ్ళేది బ్యాంకు ఉద్యోగానికి కాబట్టి అప్పు సంగతి బాగా పట్టుకో. మనకి ఇచ్చినా అప్పే, పుచ్చుకున్నా అప్పే. ఇంగ్లిషువాళ్ళకి పుచ్చుకోవడం 'బారో', ఇవ్వడం 'లెండ్'. బారోతో 'ఫ్రమ్' వస్తుంది, లెండ్‌తో 'టు'. ఇవి తారుమారైతే ఖాతాదారే బ్యాంకుకి అప్పిచ్చినట్టవుతుంది.

'సే', 'టెల్' దగ్గర కూడా ఇంతే. 'హి సెయిడ్ మీ' అనకూడదు, 'హి టోల్డ్ మీ' అనాలి. టెల్ వెనకాలే సాధారణంగా వినే మనిషి ఉండాలి. 'టెల్ ద ట్రూత్', 'టెల్ ఎ స్టోరీ' లాంటివి వేరు, వాటిని ఉన్నవున్నట్టు నేర్చుకోవడమే.

ఇన్ని మాటలెందుకని విసుక్కోకు. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వచ్చి పడ్డాయి, లాటిన్ సరేసరి. రాజుగారికి సంబంధించినదానికే 'కింగ్లీ', 'రాయల్', 'రీగల్' అని మూడున్నాయి. బెంగాల్ టైగర్‌కి మాత్రం 'రాయల్' ఒక్కటే కుదిరింది. మన తెలుగులోనూ అంతే, ఇల్లన్నా గృహమన్నా ఒకటే అయినా, మనం గృహప్రవేశం అంటాం గానీ, 'గృహానికి తాళం వేశావా' అని ఎవరైనా అడుగుతారా?

అన్నట్టు, మన క్లాసుల్లో ప్రతి ప్రశ్నా 'డౌట్' అయిపోయింది. విదేశీయులతో 'ఐ హావ్ ఎ డౌట్' అంటే వాళ్ళ మాట నమ్మడం లేదనుకోగలరు. అక్కడ 'క్వశ్చన్' అను.

థెసారస్ (ఒకే అర్థానికి దగ్గరగా ఉండే మాటల్ని ఒకచోట చేర్చిన పుస్తకం) ఇప్పుడే తెరవకు. అది మాటలు ఎరిగినవాళ్ళు గుర్తు తెచ్చుకోవడానికి. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీ తీసుకుని, అర్థం కింద ఇచ్చే ఉదాహరణ వాక్యాలు చదువు. అసలు సరుకంతా అక్కడే ఉంటుంది. ముందు 'సీ', 'లుక్', 'వాచ్' మూడూ చూసి, ఒక్కోదానికి రెండేసి సొంత వాక్యాలు రాసి వాట్సాప్‌లో పంపు. దిద్దిపెడతాను.

మీ పెదనాన్న