ఒకే పాస్‌వర్డ్, 40 మంది పిల్లలు

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్ సర్వర్‌లో జూపిటర్ నోట్‌బుక్ (బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టాం. 40 మందికీ ఒకటే పాస్‌వర్డ్. మొన్న ఒకరి ప్రాజెక్టు ఫైలు ఇంకెవరో చెరిపేశారు. ఏం చేయాలి?
– ఒక లెక్చరర్, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన లాభం లేదండీ. నోట్‌బుక్ తెరిచినవాళ్లు ఆ మెషీన్‌లో ఏ కోడైనా నడపగలరు. లోపల టెర్మినల్ (మెషీన్‌కి నేరుగా ఆదేశాలిచ్చే కిటికీ) కూడా ఉంటుంది. నోట్‌బుక్ రూట్ అకౌంట్‌తో, అంటే మెషీన్‌పై సర్వాధికారాలున్న ఖాతాతో నడుస్తోందేమో ముందు చూడండి. నడుస్తుంటే ఈ సాయంత్రమే ఆపేయండి, పిల్లలు గొడవ చేసినా సరే.

దాని బదులు 'ద లిటిలెస్ట్ జూపిటర్‌హబ్' పెట్టండి, అది ఎవరి నోట్‌బుక్ వాళ్లకి విడిగా ఇచ్చే సాఫ్ట్‌వేర్. ఒక్క సర్వర్‌కి, వంద మంది లోపు వాడకానికి చేసిందే అది. ఒక్కొక్కరికీ విడిగా లినక్స్ అకౌంట్ ఇస్తుంది కాబట్టి పక్కవాళ్ల ఫోల్డర్ చెరపడం కుదరదు. మెమరీకి హద్దు పెట్టండి. లేదంటే ఒకరు పాండాస్‌లో (పైథాన్‌లో డేటా పట్టికలు చూసే లైబ్రరీ) పెద్ద ఫైలు తెరిస్తే క్లాసు మొత్తం పని ఆగిపోతుంది.

ఒక మెలిక ఉంది. ఈ హబ్‌లో మొదటిసారి లాగిన్‌లో కొట్టిందే పాస్‌వర్డ్ అయిపోతుంది. ఇంకొకరి పేరుతో ఎవరైనా ముందే దూరొచ్చు. అందుకే అందరిచేతా ల్యాబ్‌లో మీ కళ్లెదుటే లాగిన్ చేయించండి. అడ్మిన్‌కి సూడో హక్కు (రూట్‌లా ఏ ఆదేశమైనా నడిపే వీలు) వస్తుంది, ఎంత చురుకైన సీనియర్ అడిగినా అడ్మిన్‌గా చేయకండి.

గాజువాక నుంచో మధురవాడ నుంచో రాత్రిపూట తెరుస్తామంటే హెచ్‌టీటీపీఎస్ (దారిలో ఎవరూ చదవకుండా గుప్తీకరించే కనెక్షన్) తప్పనిసరి. సర్వర్‌కి డొమైన్ (వెబ్ చిరునామా పేరు) ఉంటే, దానికి కావలసిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ నుంచి ఉచితమే. పాత నోట్‌బుక్ మామూలుగా వాడే 8888 పోర్టు (బయటినుంచి చేరే ద్వారం) మూసేయండి. తన ఫైలు తానే చెరుపుకునేవాళ్లూ ఉంటారు, రోజూ బ్యాకప్ తీయండి.