జవాబు: ఆరు వారాలైనా ఎరువు కుప్ప వేడెక్కకపోతే

వంద కిలోల ఎండుగడ్డికి 50 కిలోల పచ్చిపేడ వేశానని, పైన గడ్డి పొడిగానే ఉందని, అడుగున కుళ్లు వాసన వస్తోందని రాశారు. ఇందులో రెండు తప్పులున్నాయి.

మొదటిది నత్రజని చాలకపోవడం. సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి 25–30 పాళ్ల కార్బన్ సరిపోతుంది. ఎండుగడ్డిలో కార్బన్ దాదాపు 80 పాళ్లు ఉంటుంది. వంద కిలోలకు కనీసం 300 కిలోల పచ్చిపేడ కావాలి. అంత లేకపోతే కోళ్ల ఎరువో, పచ్చిరొట్టో కలపండి.

రెండోది గాలి ఆడకపోవడం. కుప్పంతా విప్పేయండి. గడ్డిని 5–10 సెంటీమీటర్ల ముక్కలుగా నరకండి. గడ్డి పరక పైపొర నీటిని పట్టనివ్వదు, అందుకే పైపైన చల్లిన నీళ్లు జారి అడుగుకు చేరాయి. పేడను నీళ్లలో పలుచగా కలిపి గడ్డికి పట్టించండి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి. ధార కడితే పొడిగడ్డి కలపండి. అడుగున లావు కాడలు పరిచి, మీటరుకు తగ్గని ఎత్తు, వెడల్పుతో మళ్లీ పేర్చండి. చిన్న కుప్పలో వేడి నిలవదు.

మూడు నాలుగు రోజుల్లో లోపల 55 డిగ్రీలు దాటాలి. 65 దాటినా, 45 కంటే పడిపోయినా తిరగేయండి, అంచుల్లోది మధ్యకు వచ్చేలా. కలుపు విత్తనాలు చచ్చేది ఆ మధ్య వేడిలోనే.