స్కిజోఫ్రీనియా ఉన్న తమ్ముడు "బతకాలని లేదు" అంటున్నాడు, చిన్నప్పుడు నాన్న కొట్టిన దెబ్బలకీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. అలాగని దెబ్బలు తిన్న ప్రతివాళ్లకీ ఈ జబ్బు రాదు, జబ్బు వచ్చిన ప్రతివాళ్లూ ప్రాణం తీసుకోవాలనుకోరు. మీ తమ్ముడు ఆసుపత్రి నుంచి వచ్చి కాస్త కుదుటపడ్డాకే ఈ మాట అంటున్నాడని రాశారు చూడండి, నాకు టెన్షన్ పెట్టింది అదే. ఈరోజే సూటిగా అడగండి: చచ్చిపోవాలనిపిస్తోందా, ఎలా అని ఆలోచించావా, ఈ జబ్బులో చెవిలో వినపడే గొంతులు ఏమైనా చేయమంటున్నాయా అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు గానీ, అలా కాదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. మాత్రలు, పొలం మందులు అందకుండా తాళం వేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితం, రాత్రైనా తెలుగులో మాట్లాడతారు.

మా అన్నయ్యకి ఈ జబ్బు ఇంజినీరింగ్ చదివేటప్పుడు మొదలైంది. కేకలేసే రోజుల్లో చుట్టాలంతా చుట్టూ ఉన్నారు, మందులు పనిచేసి నెమ్మదించాక హమ్మయ్య అనుకుని ఎవరి ఊరు వాళ్లు వెళ్లారు, అప్పుడే తనకి అన్నీ తెలిసొచ్చాయి, చదువు ఆగిపోయిందని, తనతో చదివినవాళ్లు ఉద్యోగాల్లో ఉన్నారని, ఈ మాత్రలు ఏళ్ల తరబడి మింగాలని. జబ్బు తొలి ఏళ్లు, డిశ్చార్జి అయిన తొలి వారాలు బాగా జాగ్రత్త అని డాక్టర్ ముందే చెప్పారు. ఈ జబ్బున్నవాళ్లలో సుమారు 5 శాతం మంది ఆత్మహత్యతో పోతారని అంచనా. పాత లెక్కల్లో 10 శాతం అనేవారు.

ఇక చిన్నతనం సంగతి. అన్నయ్య మేనమామ ఇంట్లో ఉండి చదివాడు. బెల్టు దెబ్బలు, అన్నం పెట్టకుండా వాకిట్లో నిలబెట్టడం. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే "ఆ రోజుల్లో ఎవరు కొట్టలేదమ్మా" అంటారు పెద్దవాళ్లు. కానీ అన్నయ్య చెవిలో వినపడే తిట్టు అచ్చం మామయ్యదే: "దండగమారి వెధవా, నీకు పెట్టే అన్నం కూడా దండగ." మందులతో గొంతు తగ్గింది, తను దండగ అన్న నమ్మకం మాత్రం తగ్గలేదు. బాల్యంలో హింస, నిర్లక్ష్యం, వేధింపులు పడ్డవాళ్లకి సైకోసిస్ (లేనివి వినపడటం, లేనివి నమ్మడం లాంటి స్థితి, స్కిజోఫ్రీనియా ఇందులోదే) వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2012లో చాలా పరిశోధనల్ని కలిపి చూసినప్పుడు తేలింది. జబ్బు ఉన్నవాళ్లలోనూ అలాంటి గతం ఉన్నవాళ్లే ఎక్కువగా ఆత్మహత్యకి ప్రయత్నిస్తారు. పైగా చాలామంది మనుషుల్ని నమ్మరు, లోపల ఏముందో బయటికి చెప్పరు.

ఓపీలో ఇదంతా చెప్పే టైమ్ దొరకదు, అందుకే నేను ఒక కాగితం మీద రాసి డాక్టర్ చేతికిచ్చాను. ఎవరు కొట్టారు, ఏ వయసులో, ఇప్పుడు ఏమంటున్నాడు, అంతే. అప్పుడే కౌన్సెలింగ్ మొదలైంది, అదీ పాతవన్నీ ఒక్కసారిగా తవ్వకుండా మెల్లగా. కాళ్లు ఊపుతూ ఒకచోట కూర్చోలేకపోతుంటే అదీ చెప్పండి, కొన్ని మందుల వల్ల వచ్చే ఆ అశాంతి కూడా ఇలాంటి ఆలోచనలకి దారితీస్తుంది, డోసు మారిస్తే తగ్గొచ్చు. మందులు మానేయడం మాత్రం సొంతంగా చేయొద్దు. క్లోజపిన్ అనే మందు గురించి అడగండి, ఈ జబ్బులో ఆత్మహత్య ప్రమాదం తగ్గించడానికని అమెరికాలో 2002లోనే అనుమతి వచ్చింది, కాకపోతే తెల్ల రక్తకణాలు పడిపోకుండా క్రమం తప్పక రక్తపరీక్షలు చేయించాలి.

పోలీసు కేసవుతుందని ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి వద్దంటే వినకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలి, శిక్షించకూడదు.

మేం మామయ్యని ఇంటికి పిలవడం మానేశాం, అమ్మకి కష్టంగానే ఉంది, సొంత తమ్ముడు కదా. మీ ఇంట్లో కొట్టింది నాన్నగారే, రోజూ ఎదురుగానే ఉంటారు. ఆ విషయం డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, కుదిరితే తమ్ముణ్ణి కొన్నాళ్లు మీ దగ్గర పెట్టుకోండి.